మామత్‌కు రూపం వచ్చిన తీరు: అంతరించిన జంతువుల తొలి బొమ్మల చరిత్ర

ఉన్ని మామత్ ఏనుగుల కుటుంబానికి చెందిన జంతువు. మంచుయుగంలో పశ్చిమ ఐరోపా నుంచి సైబీరియా మీదుగా ఉత్తర అమెరికా దాకా చలి గడ్డిమైదానాల్లో మందలుగా తిరిగింది. మగ మామత్ భుజం దగ్గర 9 నుంచి 11 అడుగుల ఎత్తు ఉండేది. అంటే ఇంచుమించు ఇప్పటి ఆఫ్రికా ఏనుగంత. ఖండాల మీద సుమారు 10,000 ఏళ్ల కిందటే కనుమరుగైనా, ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ దీవిలో దాని చివరి మందలు 4,000 ఏళ్ల కిందటి వరకూ బతికాయి. దాని ఎముకలు మాత్రం నదుల ఒడ్డున, గనుల్లో, పొలాల్లో మనుషులకు ఎప్పటినుంచో దొరుకుతూనే ఉన్నాయి. ఆ ఎముకలను చూసి జంతువు ఎలా ఉండేదో సరిగ్గా గీయడానికి దాదాపు 300 ఏళ్లు పట్టింది.

ఇంత ఆలస్యానికి కారణం చాలావరకు ఆ శరీర నిర్మాణంలోనే ఉంది. తొండంలో ఎముక ఉండదు. చెవులు, మూపురం, తోక కుచ్చు, ఒంటి మీది జుత్తు మట్టిలో కలిసిపోతాయి. దంతాలు పుర్రెలోని గుంటల్లో దిగి ఉంటాయే తప్ప ఎముకతో అతుక్కుని ఉండవు. కళేబరం కుళ్లిపోయాక ఊడి పడిపోతాయి, ఏది ఎడమదో ఏది కుడిదో చెప్పడం కష్టమవుతుంది. తొండం మొదలయ్యే చోట పుర్రె నడుమ ఒకే పెద్ద రంధ్రం ఉంటుంది. ఏనుగు పుర్రెను ఎన్నడూ చూడనివారికి అది ఒంటికన్నులా కనిపిస్తుంది. తొడ ఎముక పొడవుగా, నిటారుగా ఉండి మనిషి తొడ ఎముకను తలపిస్తుంది. 16, 17 శతాబ్దాల ఐరోపాలో బతికి ఉన్న ఏనుగును చూసినవారే అరుదు, దాని అస్థిపంజరాన్ని చూసినవారు ఇంకా అరుదు. అందుకే ఎముక చేతిలో ఉన్నా, దాన్ని ఏ జంతువు పక్కన పెట్టి పోల్చాలో ఎవరికీ తెలియలేదు. మామత్ బొమ్మల చరిత్ర అంతా ఆ పోలిక కోసం జరిగిన వెతుకులాట.

రాకాసి మనిషి, ఒంటికొమ్ము గుర్రం

1577లో స్విట్జర్లాండ్‌లోని రైడెన్ అనే ఊళ్లో గాలివానకు ఒక ఓక్ చెట్టు కూలింది. దాని వేళ్ల కింద పెద్ద పెద్ద ఎముకలు బయటపడ్డాయి. బాసెల్ నగరంలో పేరున్న వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్ 1584లో వాటిని పరీక్షించి, అవి దాదాపు 19 అడుగుల ఎత్తున్న మనిషివని తేల్చాడు. దొరికిన ఎముకలు కొన్నే. మిగతా అస్థిపంజరాన్ని చిత్రకారుడు హాన్స్ బాక్ మనిషి నమూనాలో పూర్తిచేసి గీశాడు. లూసర్న్ నగరం ఆ రాకాసి మనిషిని తన చిహ్నాన్ని మోసే వీరుడిగా స్వీకరించింది. 18వ శతాబ్దం చివర్లో జర్మన్ శాస్త్రవేత్త బ్లూమెన్‌బాఖ్ అవి మామత్ ఎముకలని గుర్తించేదాకా ఆ రాకాసికి ఢోకా లేకపోయింది. ప్లాటర్ మూఢుడు కాడు. మనిషి శవాలను కోసి చూసిన అనుభవం బాగా ఉన్నవాడు. ఆయనకు క్షుణ్ణంగా తెలిసిన అస్థిపంజరం మనిషిది, పోలిక కూడా అక్కడికే పోయింది.

1663లో జర్మనీలోని క్వెడ్లిన్‌బుర్గ్ దగ్గర జిప్సం గనిలో దొరికిన ఎముకలది ఇంకో దారి. శూన్యం మీద ప్రయోగాలతో పేరు పొందిన ఓటో ఫాన్ గెరికె వాటిని ఒంటికొమ్ము గుర్రం ఎముకలుగా వర్ణించాడు. తత్వవేత్త, గణితవేత్త లైబ్నిజ్ భూమి చరిత్ర మీద రాసిన 'ప్రోటోగేయా'లో ఆ జంతువు బొమ్మను చేర్చాడు. ఆ పుస్తకం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1749లో అచ్చయింది. అందులోని బొమ్మలో జంతువుకు ముందు కాళ్లు రెండే, వెనక కాళ్లు లేవు. వెన్నెముక వెనక్కి పోతూ సన్నబడి నేలకు తాకుతుంది. నుదుటి మీద నిలువెత్తు కొమ్ము. మామత్, ఉన్ని ఖడ్గమృగం వంటి మంచుయుగపు జంతువుల ఎముకలను కలిపి పేర్చిన రూపమది. అదే పలక మీద, ఆ అస్థిపంజరం కిందే, ఒక దవడ పన్ను బొమ్మ కూడా ఉంది. గట్లుగట్లుగా ఉన్న ఆ పన్నును సముద్ర జంతువు పన్నుగా పేర్కొన్నారు. అది మామత్ పన్ను. పన్నును చిత్రకారుడు చూసింది చూసినట్టు గీశాడు కాబట్టి ఈనాటికీ గుర్తుపట్టవచ్చు. పైన ఉన్న ఊహా జంతువును మాత్రం ఏ ప్రాణితోనూ పోల్చలేము. శాస్త్ర చిత్రణలో ఉండే రెండు పనులు, కంటికి కనబడేదాన్ని గీయడం, కనబడనిదాన్ని పూరించడం, ఆ ఒక్క పలక మీదే పక్కపక్కన ఉన్నాయి.

సైబీరియా నుంచి వచ్చిన కబుర్లు

మామత్ దంతాల వ్యాపారానికి సైబీరియా పెట్టింది పేరు. ఏటా మంచు కరిగినప్పుడు నదుల గట్లు విరిగిపడి దంతాలు బయటకు వచ్చేవి. స్థానిక వేటగాళ్లు వాటిని ఏరి వర్తకులకు అమ్మేవారు. ఈ జంతువు భూమి కింద సొరంగాలు తవ్వుకుంటూ బతుకుతుందని, వెలుగు తగలగానే చచ్చిపోతుందని అక్కడివారు చెప్పుకునేవారు. ఎప్పుడు చూసినా నేలలో సగం పూడి, చచ్చిపోయి కనిపించే జంతువు గురించి అలా అనుకోవడంలో వింత లేదు. 1692లో రష్యా రాయబారిగా చైనాకు బయల్దేరిన ఎవర్ట్ ఇస్‌బ్రాంట్స్ ఇడెస్ దారిలో ఈ కబుర్లు విని తన యాత్రా గ్రంథంలో రాశాడు. గడ్డకట్టిన తల, కాలు దొరికిన సంగతి కూడా అందులో ఉంది.

రష్యాకు యుద్ధఖైదీలుగా చిక్కి సైబీరియాకు పంపబడిన స్వీడన్ సైనికాధికారులు కొందరు ఈ కబుర్లను ఇంటికి మోసుకెళ్లారు. వారిలో బారన్ కాగ్ 1722 నాటికి తెచ్చిన బొమ్మలో మామత్ ఎద్దులా ఉంటుంది. పొడవాటి ఒళ్లు, కాళ్లకు గోళ్లు, తల మీద ఒకదానితో ఒకటి మెలితిరిగిన రెండు కొమ్ములు. ఏనుగుకు దంతం నోటి దగ్గర నుంచి వస్తుందని తెలియనివారికి వంపు తిరిగిన ఆ పొడవాటి వస్తువు కొమ్ముగానే తోస్తుంది. కొమ్ములు తల మీదే ఉంటాయి, కొమ్ములున్న పెద్ద జంతువు ఎద్దే అవుతుంది.

రష్యా చక్రవర్తి పీటర్ పంపగా 1720 నుంచి 1727 వరకూ సైబీరియా అంతా తిరిగిన జర్మన్ వైద్యుడు డానియెల్ మెసర్‌ష్మిట్‌తో పద్ధతి మారింది. ఆయన ఇందిగిర్కా నది ప్రాంతంలో దొరికిన మామత్ పుర్రె, దంతం, దవడ, తొడ ఎముకలను కొలతలతో గీయించాడు. ఆ బొమ్మలు డాంజిగ్ నగరంలోని యోహాన్ ఫిలిప్ బ్రైనెకు చేరాయి. బ్రైనె వాటిని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చువేయించి, ఇవి ఏనుగు ఎముకలేనని వాదించాడు. ఉష్ణదేశాల ఏనుగులు సైబీరియాకు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు బైబిలు జలప్రళయం కొట్టుకొచ్చిందన్నదే ఆయన జవాబు. జవాబు నిలవలేదు, బొమ్మలు నిలిచాయి. మొత్తం జంతువును ఊహించి గీయకుండా, చేతిలో ఉన్న ఎముకను మాత్రమే పలు కోణాల నుంచి గీయడం వల్ల తర్వాతి తరాలవారు కూడా వాటిని వాడుకోగలిగారు.

రాగి రేకు మీద సాక్ష్యం

ఆ రోజుల్లో ఎముకల కన్నా వాటి బొమ్మలే ఎక్కువ దూరం ప్రయాణించాయి. వందల కిలోల అస్థిపంజరాన్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపడం అయ్యే పని కాదు. బొమ్మ అచ్చువేసిన కాగితం టపాలో వెళ్లేది. చిత్రకారుడు ఎముకను గీసిస్తే, చెక్కేవాడు దాన్ని రాగి రేకు మీద సూదిమొన ఉలితో గీతలుగా దింపేవాడు. గీతల్లో సిరా నింపి, పైపైన తుడిచి, తడికాగితం పెట్టి యంత్రంలో గట్టిగా నొక్కితే బొమ్మ పడేది. కాగితం మీద పడే బొమ్మ, రబ్బరు స్టాంపు ముద్రలాగే, రేకు మీది బొమ్మకు కుడి ఎడమలు తారుమారై వస్తుంది. చెక్కేవాడు ముందే తిప్పి చెక్కకపోతే ఎడమ దవడ కుడి దవడ అయిపోతుంది. అందుకే జాగ్రత్తపరులైన శాస్త్రవేత్తలు బొమ్మను అచ్చుకు ముందు ఎముకతో సరిచూసుకునేవారు. కొందరు తామే చెక్కడం నేర్చుకున్నారు.

బొమ్మకు ఎంత బలం ఉందో మాడ్రిడ్‌లో నిలబెట్టిన అస్థిపంజరం రుజువు చేసింది. 1787లో ఇప్పటి అర్జెంటీనాలోని లుహాన్ నది ఒడ్డున ఏనుగంత జంతువు ఎముకలు దొరికాయి. మరుసటి ఏడాది అవి స్పెయిన్ రాజు ప్రకృతి వస్తుశాలకు చేరాయి. అక్కడ చిత్రకారుడిగా, జంతువుల చర్మాలు నింపి నిలబెట్టే పనివాడిగా ఉన్న హువాన్ బౌతిస్తా బ్రూ ఎముకలను ఒకదానికొకటి అమర్చి, అస్థిపంజరాన్ని నాలుగు కాళ్ల మీద నిలబెట్టాడు. శిలాజ జంతువు అస్థిపంజరాన్ని ఇలా పూర్తిగా నిలబెట్టడం అదే మొదలు. బ్రూ దాని బొమ్మలు గీసి రాగి రేకుల మీద చెక్కించాడు. ఆ అచ్చు ప్రతులు పారిస్‌లో ఉన్న శాస్త్రవేత్త జార్జ్ కువియేకి అందాయి. కువియే మాడ్రిడ్‌కు వెళ్లలేదు, ఎముకను చేత్తో తాకలేదు. బొమ్మల్లోని పళ్లు, గోళ్లు చూసే అది చెట్ల మీద నిదానంగా పాకే స్లాత్ జంతువులకు చుట్టమని 1796లో తేల్చి, దానికి మెగథీరియం అని పేరు పెట్టాడు. ఆ నిర్ణయం ఈనాటికీ నిలిచే ఉంది. బ్రూ నిలబెట్టిన అస్థిపంజరం మాడ్రిడ్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

1796లోనే కువియే ఏనుగుల మీద తన పరిశీలనను పారిస్‌లోని శాస్త్ర సంస్థ సభలో చదివాడు. ఫ్రెంచి సైన్యం హాలండ్ పాలకుడి వస్తుశాల నుంచి పట్టుకొచ్చిన ఏనుగు పుర్రెలు ఆయనకు అందుబాటులోకి వచ్చాయి. వాటిలో సింహళానివి ఉన్నాయి, ఆఫ్రికావి ఉన్నాయి. ముందుగా ఆసియా ఏనుగు, ఆఫ్రికా ఏనుగు వేర్వేరు జాతులని నిరూపించాడు. ఆఫ్రికా ఏనుగు దవడ పన్ను అరిగిన ముఖం మీద గట్లు వజ్రపు గళ్ల ఆకారంలో ఉంటాయి. ఆసియా ఏనుగుకు సన్నటి పట్టీల్లా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. మామత్‌కు ఆ పట్టీలు ఇంకా సన్నగా, ఇంకా దగ్గరగా, ఇంకా ఎక్కువగా ఉంటాయి. దంతాలు దిగే గుంటలు మరీ పొడవు, కింది దవడ కొస మొండి. అందువల్ల మామత్ ఈ రెండింటిలో ఏదీ కాదని, ఇప్పుడు భూమి మీద లేని మూడో జాతి అని వాదించాడు. 1799లో ఈ వ్యాసం అచ్చయినప్పుడు మామత్ దవడ, ఆసియా ఏనుగు దవడ పక్కపక్కన కనిపించేలా పలకలు వేశారు. తేడా మాటల్లో చదివి నమ్మనక్కర్లేదు, కంటితో చూసి ఒప్పుకోవచ్చు. దేవుడు సృష్టించిన జాతి ఏదీ పూర్తిగా నశించదన్న నమ్మకం బలంగా ఉన్న కాలంలో ఆ పలకలు గట్టి సాక్ష్యమయ్యాయి. అదే ఏడాది బ్లూమెన్‌బాఖ్ ఈ జంతువుకు ఎలిఫాస్ ప్రిమిజీనియస్ అనే శాస్త్రీయ నామం పెట్టాడు.

తలకిందులైన దంతాలు

అమెరికాలో ఇదే సమస్య ప్రదర్శనశాలకెక్కింది. ఫిలడెల్ఫియాలో సొంత మ్యూజియం నడిపిన చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ 1801లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూబర్గ్ దగ్గర ఒక రైతు పొలంలో తవ్వకం చేపట్టాడు. గుంటలో ఊరే నీటిని తోడడానికి మనుషులు లోపల నడిచి తిప్పే పెద్ద చక్రాన్ని, బకెట్ల గొలుసును ఏర్పాటు చేశాడు. తర్వాత ఆ దృశ్యాన్ని తానే పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. దొరకని ఎముకలను శిల్పి విలియం రష్ చెక్కతో చేసిచ్చాడు. ఆ ఏడాది చివర్లో అస్థిపంజరాన్ని నిలబెట్టి, టికెట్టు పెట్టి చూపించారు. ఆనాటి అమెరికన్లు దాన్ని మామత్ అనే పిలిచారు. నిజానికి అది ఏనుగులకు దూరపు బంధువైన మరో జంతువు. కువియే 1806లో దానికి మాస్టడాన్ అని పేరు పెట్టాడు.

పీల్ కొడుకు రెంబ్రాంట్ పీల్ ఇంకో అస్థిపంజరాన్ని లండన్‌కు తీసుకెళ్లి, 1803లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో దంతాలు వాల్రస్ దంతాల్లా కిందికి వంగి ఉన్నాయి. ఈ జంతువు మాంసం తినేదని, దంతాలతో ఎరను నేల మీద నుంచి లాగేదని ఆయన అభిప్రాయం. జంతువు ఏం తినేదన్న ఊహ మారితే దంతాల దిశ కూడా మారిపోయిందన్నమాట. అప్పటివరకూ దంతం గుంటలోనే ఉన్న మాస్టడాన్ పుర్రె దొరక్కపోవడంతో ఆయనకు అడ్డుచెప్పే ఆధారం లేకపోయింది. తండ్రి పీల్ నిలబెట్టిన అస్థిపంజరం 1850లలో జర్మనీకి చేరింది, ఇప్పుడు డార్మ్‌స్టాట్ మ్యూజియంలో ఉంది.

లేనా నది ఒడ్డున దొరికిన మామత్

మామత్ అస్థిపంజరాల్లో అన్నింటికన్నా ప్రసిద్ధమైనది సైబీరియాలో లేనా నది సముద్రంలో కలిసే చోట, బైకోవ్ ద్వీపకల్పంలో దొరికింది. 1799 వేసవి చివర్లో ఓసిప్ షుమాఖోవ్ అనే తుంగూస్ తెగ పెద్ద దంతాల కోసం ఒడ్డు వెంట వెతుకుతూ మంచుగడ్డలో ఏదో ఆకారాన్ని చూశాడు. ఏడాది తర్వాత ఏడాది మంచు కరుగుతూ ఆ ఆకారం కొంచెం కొంచెంగా బయటపడింది. రెండో వేసవి ముగిసేసరికి ఒక పక్క డొక్క, ఒక దంతం కనిపించాయి. అటువంటి జంతువును పూర్వం చూసిన కుటుంబం మొత్తం చచ్చిపోయిందని తెగలో పెద్దలు చెప్పడంతో షుమాఖోవ్ భయంతో జబ్బుపడ్డాడు. కోలుకున్నాక ధైర్యం తెచ్చుకుని 1804 మార్చిలో దంతాలు కోసి, రోమన్ బోల్తునోవ్ అనే వర్తకుడికి 50 రూబుళ్ల సరుకుకు మార్చుకున్నాడు.

బోల్తునోవ్ కళేబరాన్ని చూసి ఒక బొమ్మ గీశాడు. ఆ బొమ్మలో జంతువు పెద్ద అడవిపందిలా ఉంటుంది. తొండం లేదు, చెవులు చిన్నవి, వీపు మీద గరుకు వెంట్రుకలు, మూతికి రెండువైపులా బయటికి వంపు తిరిగిన కొమ్ముల్లాంటి దంతాలు. తొండాన్ని అప్పటికే మాంసం తినే జంతువులు లాగేసి ఉండాలి. తొండం లేని ముఖం పందిముఖమే అయింది. ఆ బొమ్మ ఒక ప్రతి జర్మనీలో బ్లూమెన్‌బాఖ్‌కు చేరింది. పందిలా గీసినా, ఆ వెంట్రుకలు, ఆ దంతాలు చూసి ఇది తాను పేరు పెట్టిన ఏనుగేనని ఆయన గుర్తించి బొమ్మ మీద రాశాడు.

చైనాకు వెళ్లిన రష్యా రాయబార బృందంలో వృక్షశాస్త్రవేత్తగా ఉన్న మిఖాయిల్ ఆడమ్స్‌కు 1806లో యాకుత్స్క్ పట్నంలో ఈ సంగతి తెలిసింది. ఆయన వెంటనే లేనా నది వెంట దిగువకు ప్రయాణమై, షుమాఖోవ్‌ను వెంటబెట్టుకుని ఆ చోటికి చేరాడు. అప్పటికి ఏడేళ్లు గడిచాయి. స్థానికులు మాంసాన్ని కుక్కలకు మేపారు. ఎలుగుబంట్లు, తోడేళ్లు, నక్కలు మిగిలింది తిన్నాయి. అయినా ముందు కాలు ఒకటి తప్ప అస్థిపంజరం దాదాపు పూర్తిగా ఉంది. కొన్ని ఎముకల మధ్య స్నాయువులు, చర్మం ఇంకా పట్టి ఉన్నాయి. తల మీద ఎండిన తోలు, ఒక చెవి, దాని మీద వెంట్రుకల కుచ్చు ఉన్నాయి. నేలకు ఆనిన పక్కన చర్మం చెక్కుచెదరలేదు. దాన్ని ఒడ్డుకు చేర్చడానికి పదిమందికి కష్టమైంది. ఎలుగుబంట్లు తొక్కి నేలలో కలిపేసిన జుత్తునే 16 కిలోలకు పైగా ఏరి తెచ్చాడు. లోపల ఎర్రటి మెత్తని ఉన్ని, పైన నల్లటి పొడవు వెంట్రుకలు. ఆ జుత్తుతో ఒక పాత వాదం చెల్లకుండా పోయింది. ఇంత దట్టమైన ఉన్ని ఉన్న జంతువు వేడిదేశం నుంచి వరదలో కొట్టుకురానక్కర్లేదు, చలిదేశంలోనే బతికింది.

యాకుత్స్క్‌లో దంతాలు తిరిగి కొని ఆడమ్స్ అన్నిటినీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పంపాడు. ఆ దంతాలు అదే జంతువువా కాదా అన్న అనుమానం తర్వాతివారికి మిగిలిపోయింది. అక్కడి కున్స్ట్‌కామెరా మ్యూజియంలో 1808లో విల్‌హెల్మ్ టిలేసియస్ అస్థిపంజరాన్ని నిలబెట్టాడు. ఓడలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన ప్రకృతిశాస్త్రవేత్త, మంచి చిత్రకారుడు ఆయన. మ్యూజియంలోనే ఉన్న భారతీయ ఏనుగు అస్థిపంజరాన్ని ఎదురుగా పెట్టుకుని, దాని ప్రకారం ఒక్కో ఎముకనూ అమర్చాడు. లేని ముందుకాలికి ఉన్న కాలిని చూసి నకలు చేయించాడు. తల మీద, పాదాల మీద ఎండిన తోలును అలాగే ఉంచేశాడు. రైడెన్‌లో ప్లాటర్‌కు దొరకని సరైన పోలిక ఇక్కడ దొరికింది. అందుకే ఆ అస్థిపంజరం కాళ్లు, వెన్ను, పుర్రె సరిగ్గా నిలిచాయి.

దంతాల దగ్గర మాత్రం ఆ పోలికకు హద్దు వచ్చింది. భారతీయ ఏనుగు దంతం కొద్దిగానే వంగుతుంది. మామత్ దంతం మెలితిరుగుతూ ముందు కిందికి, బయటికి పోయి, ఆపైన పైకి లేచి, కొసలు లోపలికి తిరుగుతాయి. ఆ మెలికకు ఏనుగు అస్థిపంజరంలో నమూనా లేదు. టిలేసియస్ ఎడమ గుంటలో కుడి దంతం, కుడి గుంటలో ఎడమ దంతం పెట్టాడు. దాంతో రెండు కొసలూ లోపలికి తిరగాల్సింది పోయి బయటికి, వెనక్కి తిరిగాయి. ఆయన గీసిన అస్థిపంజరం బొమ్మ 1815లో రష్యా శాస్త్ర అకాడమీ సంచికలో వచ్చింది. ప్రపంచమంతటా పుస్తకాల్లో దానికి నకళ్లు దిగాయి. చాలా దశాబ్దాల పాటు మామత్ అంటే ఆ బొమ్మే, దానితో పాటు ఆ పొరపాటూ వ్యాపించింది. అస్థిపంజరంలో దంతాలను 1899లో గానీ సరిచేయలేదు.

ఎముకల మీద చర్మం

అస్థిపంజరాన్ని గీయడం ఒక ఎత్తు, దానికి కండ, చర్మం, కళ్లు ఇవ్వడం ఇంకో ఎత్తు. ఈ రెండో పనిలో కువియే ఎంతో జంకాడు. పారిస్ జిప్సం గనుల్లో దొరికిన జంతువులకు కండరాలు, చెవులు, కళ్లతో బొమ్మలు సొంత కాగితాల్లో గీసుకున్నాడు కానీ వాటిని అచ్చుకివ్వలేదు. తన మహాగ్రంథంలో మొదట అస్థిపంజరాలనే చూపించాడు. రెండో కూర్పులో, సహాయకుడు లోరియార్ గీసిన ఒట్టి బాహ్యరేఖలను మాత్రం చేర్చాడు. రుజువు చేయగలిగింది ఎముక, మిగిలింది అంచనా అన్న తేడా ఆయనకు తెలుసు.

ఇంగ్లండ్‌లో ఆ జంకు త్వరగా పోయింది. సముద్రపు ఒడ్డు కొండచరియల్లో శిలాజాలు ఏరి అమ్మిన మేరీ ఆనింగ్ వెలికితీసిన ప్రాణుల ఆధారంగా, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ డి లా బెష్ 1830లో ఒక నీటిరంగుల చిత్రం వేశాడు. పురాతన సముద్రంలో సరీసృపాలు ఒకదాన్నొకటి వేటాడే దృశ్యమది. రాతి అచ్చులో తీసిన దాని ప్రతులు అమ్మి, వచ్చిన డబ్బు కష్టకాలంలో ఉన్న ఆనింగ్‌కు ఇచ్చారు. 1854లో లండన్ శివారు సిడెన్‌హామ్‌లో వాటర్‌హౌస్ హాకిన్స్ అంతరించిన జంతువుల నిలువెత్తు విగ్రహాలు చేసి పెట్టాడు. మామత్‌ను కూడా చేయాలన్న పథకం నిధులు ఆగిపోవడంతో పూర్తికాలేదు. అక్కడి ఇగ్వానడాన్ అనే డైనోసార్ విగ్రహానికి ముక్కు మీద కొమ్ము ఉంది. 1878లో బెల్జియం బొగ్గుగనిలో పూర్తి అస్థిపంజరాలు దొరికాక అది బొటనవేలి ముల్లు అని తేలింది. ముక్క దొరికినప్పుడు చేసిన ఊహను పూర్తి అస్థిపంజరం సరిదిద్దిన మరో ఉదాహరణ ఇది.

భారతదేశంలో

ఉన్ని మామత్ హిమాలయాలు దాటి ఇటు రాలేదు. అంతరించిన జంతువులను గీసి అచ్చువేసే పని మాత్రం ఇక్కడికీ వచ్చింది. సహారన్‌పూర్ వృక్షతోట అధికారి హ్యూ ఫాల్కనర్, కాలువల ఇంజనీరు ప్రోబీ కాట్లీ 1830లలో శివాలిక్ కొండల్లో ఏనుగులు, జిరాఫీలు, తాబేళ్ల శిలాజాలను గుట్టలుగా సేకరించారు. 1840లలో లండన్‌లో వెలువడిన వారి గ్రంథానికి జి.హెచ్. ఫోర్డ్ గీసిన రాతి అచ్చు పలకలు ప్రాణం. చాలా పొడవైన దంతాలున్న ఒక పాత ఏనుగు జాతికి వారు గణేశుడి పేరు పెట్టారు.

తెలుగునాట కర్నూలు ప్రాంతంలోని బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో ఎముకలున్నాయని 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. నలభై ఏళ్ల తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఫుట్ అక్కడ తవ్వకాలు జరిపారు. రిచర్డ్ లైడెకర్ ఆ ఎముకలను పరిశీలించి, 1886లో జియలాజికల్ సర్వే ప్రచురణల్లో వాటిని వర్ణించాడు. అందులో ఒక అంతరించిన ఖడ్గమృగం జాతి పేరు రైనోసెరస్ కర్నూలియెన్సిస్. కర్నూలు పేరు అలా శాస్త్ర గ్రంథాలకెక్కింది. లైడెకర్ పద్ధతి మెసర్‌ష్మిట్ నాటిదే: పన్ను, దవడ, ఎముక ముక్క, వాటి కొలతలు. మొత్తం జంతువును ఊహించి గీయలేదు.

చూసినవారు గీసిన బొమ్మలు

భారతదేశంలో ఏనుగుల పళ్లు, పుర్రెలతో ఏళ్లు గడిపిన ఫాల్కనర్ చూపు 1864లో ఫ్రాన్స్‌లో అక్కరకొచ్చింది. దోర్దోన్య్ ప్రాంతంలోని లా మాద్లెన్ గుహ దగ్గర ఎదువార్ లార్తె తవ్వకాలు చూడడానికి ఆయన వెళ్లినప్పుడే, పనివాళ్లు పగిలిన దంతపు పలక ముక్కలు తీశారు. వాటి మీద సన్నటి గీతలున్నాయి. గీతల్లో ఏనుగు తల ఉందని ఫాల్కనర్ గుర్తుపట్టాడు. ముక్కలు కలిపి చూస్తే ఎత్తైన కుంభస్థలం, పైకి లేచిన వంపు దంతాలు, ఒంటి నుంచి వేలాడే పొడవాటి జుత్తు కనిపించాయి. మామత్ దంతం మీద మామత్ బొమ్మ. మంచుయుగపు మనిషి ఆ జంతువును బతికుండగా చూశాడనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. లార్తె మరుసటి ఏడాది దాన్ని ప్రకటించాడు.

1901లో అదే ప్రాంతంలో కోంబారెల్, ఫోన్-ద-గోమ్ గుహల్లో గోడల మీద మామత్ బొమ్మలు బయటపడ్డాయి. యువ మతగురువు ఆంరి బ్రయ్ వాటి మీద కాగితం పెట్టి గీతలను యథాతథంగా ఎత్తి రాశాడు. తర్వాత రూఫిన్యాక్ గుహలో 150కి పైగా మామత్ బొమ్మలు లెక్కతేలాయి. వాటన్నిటిలో ఒకే రూపం మళ్లీ మళ్లీ వస్తుంది: గుమ్మటంలా లేచిన తల, మెడ దగ్గర పల్లం, భుజాల మీద మూపురం, అక్కడి నుంచి వెనక్కి జారిన నడుము. టిలేసియస్ అస్థిపంజరాన్ని చూసి గీసిన మామత్‌లకు వీపు ఏనుగు వీపులా గుండ్రంగా ఉండేది. గుహల బొమ్మలు చూశాక చిత్రకారులు వీపును దించారు. ఎముక చెప్పని తల జుత్తు ఎత్తు, మూపురం కొవ్వు, చిన్న చెవులు ఈ బొమ్మలు చెప్పాయి.

మిగతాది గడ్డకట్టిన శరీరాలు చెప్పాయి. 1900లో సైబీరియాలోని బెర్యోజోవ్కా నది ఒడ్డున ఒక మామత్ బయటపడింది. మరుసటి ఏడాది ఓటో హెర్ట్స్, యూగెన్ ఫిట్సెన్‌మాయర్‌లను రష్యా శాస్త్ర అకాడమీ అక్కడికి పంపింది. వారు కళేబరాన్ని ముక్కలుగా కోసి, గడ్డకట్టి ఉండగానే వేల మైళ్లు మోయించి అప్పటి రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చేర్చారు. పళ్ల మధ్య నమలని గడ్డి ఇంకా ఉంది. చర్మం కింద దట్టమైన కొవ్వు పొర, పొట్టి తోక, తోక మొదట చలి తగలకుండా కప్పే తోలు మడత కనిపించాయి. చచ్చినప్పుడు ఏ భంగిమలో కూలబడిందో అదే భంగిమలో చర్మంతో దాన్ని మ్యూజియంలో నిలబెట్టారు. ఆడమ్స్ తెచ్చిన అస్థిపంజరం, ఈ మామత్ ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ జంతుశాస్త్ర మ్యూజియంలోనే ఉన్నాయి. బెర్యోజోవ్కా మామత్‌కు కూడా తొండం మిగల్లేదు. తొండం కొసన పైన వేలిలాంటి పొడవాటి అంచు, కింద వెడల్పు అంచు ఉంటాయని 1920లలో దొరికిన ఒక తొండం ముక్కతో తెలిసింది. 1977లో దొరికిన దీమా, 2007లో దొరికిన ల్యూబా అనే పిల్ల మామత్‌లతో దాదాపు శరీరమంతా కళ్లముందుకు వచ్చింది.

20వ శతాబ్దపు చిత్రకారులు, ముఖ్యంగా అమెరికాలో చార్లెస్ నైట్, చెకోస్లొవేకియాలో జ్డెన్యెక్ బురియన్, ఈ మూడు ఆధారాలనూ కలిపి మామత్‌ను వేశారు. పాఠ్యపుస్తకాల్లో కనిపించే మామత్ వారి రూపమే. ఎముకలు శరీరపు కొలతలు ఇచ్చాయి, గుహల గీతలు వంపులు ఇచ్చాయి, మంచులోని కళేబరాలు తోలు, తొండం, తోక ఇచ్చాయి. రంగు విషయంలో మాత్రం చర్చ ఇంకా ముగియలేదు. చాలా బొమ్మల్లో మామత్ ఇటుక ఎరుపులో ఉంటుంది. మ్యూజియాల్లోని వెంట్రుకలు అలా ఉండడమే దానికి కారణం. వేల ఏళ్లు నేలలో ఉన్న జుత్తు రంగు మారుతుంది కాబట్టి, బతికి ఉన్నప్పుడు చాలా మామత్‌లు ముదురు గోధుమ రంగులో ఉండేవని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కొత్త బొమ్మల్లో ఆ ముదురు రంగే వేస్తున్నారు.